తాత చేసిన నా ఎడమ కాలు

పోయిన నెల శ్రీకాకుళం ఆసుపత్రిలో నడవడానికి నేను కాలికి కట్టుకునే పట్టీకి కొత్తగా కొలతలు తీస్తూ అక్కడి ఉద్యోగిని, "మొట్టమొదటిది ఎక్కడ చేయించారమ్మా?" అని అడిగింది. "మా ఇంటి అరుగు మీద" అన్నాను. పరాచికాలాడుతున్నాననుకుని నవ్వేసింది. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డానన్న మాటే గానీ, నా మనసప్పటికే మా ఊరి అరుగు మీదికి వెళ్లి కూర్చుంది.

ఆ అరుగు మా తాతది, అంటే మా నాన్న తండ్రిది. వడ్రంగి. మా ఊరు పొందూరుకి దగ్గర. ఆ చుట్టుపక్కల తిరిగే రాట్నాల్లో సగం తన చేతివేనని చెప్పుకునేవాడు. మిగతా సగం ఎందుకు కిర్రుమంటాయో కూడా ఆయనే చెప్పేవాడు. పెద్ద యుద్ధంలో బర్మా వైపు వెళ్లి, వంతెనలు కట్టే దళంలో పనిచేసి, కుడిచేతి రెండు వేళ్లు అక్కడే ఒక దుంగ కింద వదిలేసి వచ్చాడు. వచ్చాక ఏడాదిపాటు తంటాలుపడి ఎడమచేత్తో బాడిస పట్టడం నేర్చుకున్నాడట. యుద్ధం గురించి అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. తెచ్చుకున్న బూట్లు మాత్రం గోడ మేకుకి వేలాడుతుండేవి. ఆదివారం ఆదివారం వాటికి ఆముదం పట్టించి, తొడుక్కోకుండానే మళ్లీ తగిలించేవాడు.

నాకు మూడో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. అయిదో తరగతి వరకూ బడి మా వీధిలోనే ఉండేది కాబట్టి అమ్మ చంకనేసుకుని దించేది. హైస్కూలు రెండు మైళ్ల దూరం. అరవయ్యో దశకం చివర్లో మా ఊళ్లకి బస్సులెక్కడివి? నాన్న వెళ్లి అడిగితే, పిల్ల తన కాళ్ల మీద వస్తే చేర్చుకుంటాను, రోజూ మోసుకురావడం కుదిరే పని కాదు అన్నారట హెడ్మాస్టరుగారు. "ఆడపిల్ల. అయిదు సదివింది, సాల్లే" అనేశాడు నాన్న. నేను ఏడవలేదు, అన్నం మానేశాను. రెండో పూటకి తాత వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుని, "ఒలే గుంటా, నడిసెల్తావేటి?" అన్నాడు. "ఎల్తాను" అన్నాను. ఎలాగో నాకు తెలీదు. ఆయనకీ తెలీదని తర్వాత తెలిసింది.

నా కాలికి ఆయన చేసిన మొదటి పట్టీ రెండు టేకు బద్దలు, నాలుగు తాళ్లు. అది కట్టుకుని రెండడుగులు వేసి బోర్లాపడ్డాను. ముందు పన్ను విరిగింది. అమ్మ ఆ బద్దలు పట్టుకెళ్లి పొయ్యిలో పెట్టేసింది. ఆ పూట అన్నం వాటి మీదే ఉడికింది. తాత ఆ అన్నం కడుపునిండా తిని, "కర్ర బాగా మండినాది, ఎండిన కర్రే. తప్పు కర్రది కాదు, నాదే" అని చెయ్యి కడుక్కుని లేచాడు.

రెండోది గుమ్మడి టేకుతో చేశాడు, తేలిగ్గానే ఉంది. కానీ వారం తిరిగేసరికి మోకాలి దగ్గర ఒరుసుకుని పుండు పడి చీము పట్టింది. జ్వరంతో మూలుగుతుంటే నాన్న గొంతు లేచింది. "పిల్లని సంపేత్తావేటి నాన్నా? ఇంక ఒగ్గీ!" అన్నాడు. తాత మర్నాడు పొద్దున్నే సంచీ పట్టుకుని విజయనగరం వెళ్లిపోయాడు. అక్కడ ఆయనతో పాటు యుద్ధానికెళ్లి, కాలు పోగొట్టుకుని, సర్కారు ఇచ్చిన కాలితో తిరిగే స్నేహితుడు ఉండేవాడు. తాత ఆ మనిషి కాలు విప్పించి రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని చూశాడట. ఒక వారం అరువివ్వమని కూడా అడిగాడట. ఆ పెద్దాయన మంచానికి అతుక్కుపోవడం ఇష్టంలేక ఇవ్వలేదు.

తిరిగొచ్చి గుమ్మంలోంచే చెప్పాడు: "బరువు మోకాలి మీద కాదే, తుంటి కింద ఆనాలి. నాకు తెలిసొచ్చినాది." నా పుండు మానేదాకా ఆగాడు. ఆ తర్వాత గోడ మీది బూట్లు దింపి, ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పి చూసి, కత్తి పెట్టి కోసేశాడు. ఇన్నేళ్లు ఆముదం తాగిన ఆ తోలు నా తొడ చుట్టూ గుడ్డలా మెత్తగా ఒదిగింది. మోకాలి దగ్గర తలుపు బందులు, నిలబడితే జారి బిగిసే ఇనప కడియం. వేసవంతా కళ్లంలో కవాతు. "లెఫ్ట్! రైట్!" అని అరిచేవాడు. నాది ఎడమ కాలు గనక లెఫ్ట్ మరీ గట్టిగా అరిచేవాడు.

బడి తెరిచిన రోజు తెల్లారగట్లే బయల్దేరాం. దారిలో మూడుసార్లు పడ్డాను. మూడోసారి ఏడుస్తూ చెయ్యి చాపితే, తాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నాను లేపితే రేపు ఎవులు లేపుతారే? లెగు." కోపంతోనే లేచాను. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అల్లంత దూరంలో నాన్న సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. నేను చూడగానే వంగి, బాగానే ఉన్న గొలుసు సవరించడం మొదలెట్టాడు.

మేం చేరేసరికి గంట కొట్టి చాలాసేపయింది. "ఆలస్యమైందే" అన్నారు హెడ్మాస్టరుగారు. "అయినాది బాబూ. రేపు ఇంకా ముందు బయల్దేరతాది" అన్నాడు తాత. హెడ్మాస్టరుగారు నా మోకాళ్ల మీది మట్టి, నెత్తురు చూసి, రిజిస్టరు తెరిచి నా పేరు రాసుకున్నారు. వెనకాల గోడవారన సైకిలు పట్టుకుని నిలబడ్డ నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఏటా వేసవిలో తాత నా కాలు విప్పి, నేను పెరిగినంతా దాన్నీ పెంచేవాడు. నేను పదో తరగతి పాసైన ఏడాదే పోయాడు. నేను టీచరునై, ముప్పయ్యేళ్లు పైనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ రోజుల్లో ఆయనకున్న వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. అరవయ్యేళ్ల మనిషి, తన చేతికి తెలియని పనిని, రెండుసార్లు ఓడిపోయి కూడా, మొదట్నుంచీ నేర్చుకోవడమంటే ఏమిటో తెలియడానికి నాకూ అంత వయసు రావలసి వచ్చింది.