వాలుగకు వేసిన పలుపు ముడి

ఆ ఉదయాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మొదట వచ్చేది విసుగే. విన్నవాళ్ళందరూ నవ్వుతారు. పుట్టిలో కూర్చుని మోకాళ్ళ దాకా తడిసింది వాళ్ళు కాదు కదా.

వెళ్ళింది ముగ్గురం. నేను, మా పక్కింటి వదిన, పుంగనూరులో జాకెట్లు కుట్టే టైలరక్క. వదిన నాకు చుట్టం కాదు. రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే కావడంతో వరస కలుపుకున్నాం. టైలరక్క ముస్లిములావిడ. పెద్దవాళ్ళకు చదువు చెప్పే సాయంత్రం బడిలో ముగ్గురం ఒకే చాప మీద కూర్చుని అక్షరాలు దిద్దాం. అప్పటికే నాకు యాభై దాటింది. ఆ బడి ఎప్పుడో మూతపడింది. మేం మాత్రం విడిపోలేదు.

మేం చేపల వేటకు పోవలసి రావడానికి కారణం వదిన వాళ్ళ అక్క. ఆమెది కుప్పం. వాళ్ళమ్మ పోయినప్పుడు పెద్దకర్మ రోజున ఆమె ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఆమె వచ్చేసరికి భోజనాల బంతులన్నీ లేచిపోయాయి. ఆ హడావుడిలో వదిన అక్కకని విడిగా ఏమీ తీసిపెట్టలేదు. అడుగున మిగిలిన సంగటి, ఇంత ఊరగాయ వడ్డించింది. తోడబుట్టినదానికి ఒక గిన్నె దాచిపెట్టాలని తోచలేదా అని అక్క విస్తరి ముందు నుంచి లేచింది. ఇక నీ ఇంట్లో చెయ్యి కడగను అని చెప్పి బస్టాండుకు నడిచింది. అన్నమాట ప్రకారమే ఉంది. పెళ్ళిళ్ళలో ఎదురైతే పలకరించేది గానీ వదిన గడప తొక్కలేదు. వదిన ఎన్నిసార్లు పిలిచిందో, ఎన్నిసార్లు వెనక్కి వచ్చి మా అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుందో నాకు తెలుసు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. మా చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు మరవ మీదుగా పొర్లి పారాయి. ఆ సంగతి చెప్పడానికి వదిన అక్కకు ఫోను చేసింది. మాటల్లో వాలుగ చేప వచ్చింది. పొలుసు లేకుండా, కత్తిలా పొడుగ్గా, పెద్ద నోరు, పొడుగాటి మీసాలతో ఉంటుంది అది. వీళ్ళ చిన్నప్పుడు చెరువు నిండిన ఏడు వాళ్ళమ్మ వాలుగ పులుసు పెట్టేదట. నువ్వొస్తే చేసి పెడతాను అంది వదిన. ఫోను స్పీకర్లో ఉండడం వల్ల అక్క జవాబు నేనూ విన్నాను.

"ఆదివారం వస్తా. వాలుగ అని చెప్పి ఇంగేదో పెడితే మాత్రం ఇదే కడసారి."

అందుకే ఆ చేప కావలసి వచ్చింది. అంగట్లో దొరికితే ఈ కథే లేదు. శనివారం నేనే బోర్డు చదువుకుని బస్సెక్కి మదనపల్లెకు పోయి చేపల అంగళ్ళన్నీ తిరిగాను. కట్ల, రూప్‌చంద్ తప్ప ఏమీ లేవు. ఒకాయన నీళ్ళ డ్రమ్ములో నుంచి నల్లటి పెంపుడు చేప తీసి చూపించి, దీనికీ మీసాలున్నాయి కదమ్మా, తేడా ఎవరు చెప్పగలరు అన్నాడు. కుప్పం అక్క చెప్పగలదు. వట్టి సంచితో తిరిగొచ్చాను.

టైలరక్క తమ్ముడికి ఒక పుట్టి ఉంది. వెదురుతో గంపలా అల్లి, కింద తారు పూసిన గుండ్రటి పడవ. చెరువును గుత్తకు తీసుకున్నాయన వాలుగలను పట్టుకుంటే వద్దనడు. ఆయన వదిలిన కట్ల పిల్లల్ని అవి మింగేస్తాయి మరి. తమ్ముడే మమ్మల్ని తీసుకుపోవాల్సింది, కానీ శనివారం సాయంత్రానికి ఆయనకు జ్వరం తగిలింది. అయితే ఏం, చిన్నప్పుడు మా నాయన పుట్టిలోనే పెరిగాను, నేను నడుపుతాను అంది టైలరక్క. నేను నమ్మాను.

వాలుగ ఎండెక్కకముందే గాలానికి తగులుతుందని చెప్పి, వెలుగు రాకముందే బయల్దేరాలని మాట. టైలరక్క నమాజు చేసుకుని, కోడి పేగుల సంచి పట్టుకుని సరిగ్గా వచ్చింది. వదిన ఆవుల పాలు పితికి, దూడను కట్టి, గడ్డి వేసి, ఆ గడ్డి చాలదని ఇంకొంచెం వేసి వచ్చింది. చెరువు గట్టు మీదకు పోయాక గంగమ్మకు మొక్కనిదే నీళ్ళలో కాలు పెట్టనంది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కర్పూరం అన్నీ కొంగులో ఉన్నాయి. గాలికి కర్పూరం ఆరిపోతుంది, మళ్ళీ వెలిగిస్తుంది. మేమిద్దరం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలో నిలబడి పుట్టిని పట్టుకుని ఉన్నాం. తూర్పు తెల్లబడుతోంది.

"కర్పూరం వెలిగేదాకా వాలుగ కాసుకోని ఉంటాదా?" అన్నాను.

"నీళ్ళు ఇచ్చిన తల్లిని అడక్కుండా పోతే ఏం దొరకతాది మే? నువ్వు నోరు మూసుకో," అంది వదిన.

చివరికి నేను పైట అడ్డం పెట్టాక వెలిగింది.

పుట్టికి ముందూ వెనకా ఉండవని అది ఎక్కాకే తెలిసింది. టైలరక్క ఒక తెడ్డు, నేను ఒక తెడ్డు. ఆమె లాగితే అటు తిరుగుతుంది, నేను లాగితే ఇటు తిరుగుతుంది. గానుగెద్దులా ఉన్నచోటే గుండ్రంగా తిరిగాం. వదిన కళ్ళు మూసుకుని వాంతి వస్తోందంది. చిన్నప్పుడు పెరిగావన్నావే అని టైలరక్కను అడిగితే, అప్పుడు నాయన తెడ్డు వేసేవాడు, నేను కూర్చునేదాన్ని అంది. నాకు ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. తర్వాత ఆమే కిటుకు కనిపెట్టింది. నన్ను తెడ్డు కింద పెట్టమని, తానొక్కతే ముందుకు వంగి నీళ్ళను తన వైపుకు లాక్కుంది. అప్పుడు కదిలింది.

తుమ్మచెట్లు సగం మునిగిన చోట ఆపి గాలాలు వేశాం. వదిన ఫోను మోగింది. అక్క బస్సెక్కిందట. కుప్పం నుంచి వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు.

చాలాసేపు ఏమీ లేదు. ఎరను చిన్న చేపలు కొరుక్కుతిన్నాయి, మళ్ళీ గుచ్చాం. కోడి పేగుల వాసన చేతులకు పట్టేసింది. ఉన్నట్టుండి వదిన దారం బిగిసి పుట్టి మొత్తం ఆ పక్కకు జరిగింది. ముగ్గురం ఒకవైపుకు ఒరిగేసరికి నీళ్ళు లోపలికి వచ్చాయి. నేను ఎదురు పక్కకు పడి బరువు ఆపాను. టైలరక్క దారం పట్టుకుంది, వదిన తువ్వాలు వేసి చేప తల పట్టుకుంది. వాలుగే. మూతి నుంచి తోక దాకా వెండిలా ఉంది. మూర కన్నా పొడుగు.

అక్కడే గట్టుకు తిరిగిపోయి ఉంటే సరిపోయేది. చేప పుట్టిలో ఉంటే కరుస్తుంది, పైగా చచ్చిపోతుంది, చచ్చిన వాలుగ పులుసు నీచు కొడుతుంది అంది వదిన. వాళ్ళమ్మ పొయ్యి వెలిగించేదాకా తొట్లో బతికే ఉంచేదట. దాంతో నోట్లో నుంచి మొప్పలోకి సన్నటి తాడు ఎక్కించి, రెండో కొసను పుట్టి అంచుకు కట్టి, చేపను నీళ్ళలోకి వదిలింది. పుట్టిన దగ్గర్నుంచి ఆవుల్ని కట్టిన చేతులు ఆమెవి. కట్టింది కూడా గుంజకు పలుపు కట్టే ముడే. పశువు ఎంత లాగినా అది ఊడదు. కానీ బయట వేలాడే కొసను మనం ఒక్కసారి లాగితే చాలు, మొత్తం విడిపోతుంది. పశువు కాలు చిక్కుకుని పడిపోతే మెడ బిగుసుకోకుండా చటుక్కున విప్పడానికి ఆ ఏర్పాటు.

అప్పుడే ఫోను మళ్ళీ మోగింది. అక్క వి.కోట దాటింది.

"పట్టినా అక్కా. నా చేతంత ఉండాది. బతికే ఉండాది," అంది వదిన. ఆమె గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

గట్టు వైపు తిరిగాం. సగం దూరం వచ్చాక వాలుగ పుట్టి కిందికి దూరింది. తాడు అంచు మీద బిగిసింది. పుట్టి గిర్రున తిరిగింది. చేప నీళ్ళ మీదికి ఎగిరి, తాడు దానికే చుట్టుకుని తన్నుకోవడం మొదలుపెట్టింది.

వదిన "హో, హో, ఓర్సుకో తల్లీ" అంది, పడిపోయిన ఆవును ఊరుకోబెట్టేటట్టు. అంటూనే ముందుకు వంగి ముడి కొస లాగింది.

తాడు అంచు మీద నుంచి మెల్లగా జారి నీళ్ళలోకి పోయింది. దాని వెంట చిన్న బుడగలు వచ్చాయి. అంతే.

వదిన తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చుంది.

"యాల ఇప్పినావు మే?" అని అడిగాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

"నేను ఇప్పలేదు వదినా. చెయ్యి ఇప్పింది."

మళ్ళీ తుమ్మచెట్ల దగ్గరికి పోయాం. ఎండ ఎక్కింది. వాలుగ జాడ లేదు. చిన్న చిన్న జెల్లలు మాత్రం పడ్డాయి. అవీ మీసాల చేపలే, కానీ బొటనవేలంత లావు లేవు, ఒళ్ళంతా ముళ్ళు. ఒకదాన్ని గాలం నుంచి విడిపిస్తుంటే దాని పక్కముల్లు నా చూపుడువేల్లో దిగింది. తేలు కుట్టినట్టు మోచేతి దాకా మంట. వదిన తన కొంగు చించి వేలికి చుట్టి కట్టింది. ఒడ్డుకు చేరేలోపే ఆ గుడ్డ ఊడి నా ఒళ్ళో పడింది. చూస్తే అదే ముడి. ఆ పూట ఆమెను నీళ్ళలోకి తోసేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఫోను మోగుతోంది, వదిన ఎత్తలేదు. గుత్తాయన చేపను లాక్కున్నాడని చెబుదాం అంది టైలరక్క. వదిన తల అడ్డంగా ఊపింది. పట్టానని చెప్పిన నోటితో ఇప్పుడు అబద్ధం చెబితే అక్క ఏదీ నమ్మదంది. నిజం చెప్పినా నమ్మదు కదా అని నేను మనసులో అనుకున్నాను. చేపే పట్టలేదు, ఊరికే నన్ను పిలిపించిందనుకుంటుంది. గడప దగ్గర నుంచే తిరిగి పోతుంది.

అక్క మధ్యాహ్నానికి వచ్చింది. చెప్పులైతే విప్పింది గానీ లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి వాసన చూసింది. పొయ్యి మీద జెల్లల పులుసు ఉడుకుతోంది.

"ఇది వాలుగ వాసన కాదే."

వదిన ఆమె ముఖం చూడకుండా ఉన్నదంతా చెప్పింది. కర్పూరం దగ్గర్నుంచి తాడు నీళ్ళలోకి జారేదాకా. నేను గోడకు ఆనుకుని, మండుతున్న వేలు పట్టుకుని, అక్క ఎప్పుడు చెప్పులు మళ్ళీ తొడుక్కుంటుందా అని చూస్తున్నాను. అక్క అంతా విన్నది.

"తాడు ఎవురు కట్టింది?"

"నేనే."

"అమ్మ దూడను కట్టినట్టేనా?"

"ఇంగెట్ల కడతా అక్కా. నాకొచ్చింది అదే కదా."

అక్క తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. తల ఎత్తితే నవ్వుతోంది, కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి.

"అబద్ధం చెప్పాలంటే ఇంతకంటే మేలుగా చెప్పిందువు. గంగలో దొరికినదాన్ని 'హో' అని ఇడిసిపెట్టేది మన ఇంటి మనిషే," అని లోపలికి వచ్చి పీట వాల్చుకుంది.

తిన్నంతసేపూ సాధించింది. ముళ్ళు ఎక్కువన్నది, పులుపు చాలలేదన్నది, సంగటి మెత్తబడిందన్నది. వదిన ప్రతిదానికీ తల ఊపుతూ ఇంకొంచెం వడ్డించింది. తినడం అయ్యాక అక్క లేచి పెరట్లోకి పోయి, చెంబుతో నీళ్ళు పోసుకుని చెయ్యి కడిగింది. వదిన పెరటి తలుపు పట్టుకుని నిలబడి అది చూసింది. నేను వదినను చూశాను.

పోయేటప్పుడు అక్క వదినతో అన్నది:

"ఇది లెక్కకు రాదు. వాలుగ పెట్టినాకే నేను వచ్చినట్టు. మళ్ళా వస్తా."

బస్సు వెళ్ళిపోయింది. వదిన నా వైపు తిరిగింది. పొద్దున అంత పాడు పని చేసిన మనిషి ముఖం అది కాదు.

"వదినా, టైలరక్క తమ్మునికి జరం తగ్గినాక..."

"నేను రాను," అన్నాను.

"ఈతూరి ముడి నువ్వే కడుదువు," అని నా చెయ్యి పట్టుకుని, ఊడిపోయిన గుడ్డను మళ్ళీ వేలికి చుట్టసాగింది. నేను చెయ్యి లాక్కుని నోటితో ఒక కొస పట్టి, గట్టిగా, ఎవరు లాగినా రాని ముడి నేనే వేసుకున్నాను. అది రాత్రి దాకా బిగుసుకుని వేలు నీలంగా మారింది. కత్తెర పెట్టి కోయాల్సి వచ్చింది.