మా పండు వేసిన కంగ్టి రోడ్డు

పండూ, రొట్టె చల్లారుతుంది, రారా.

పొయ్యి దగ్గర కూర్చుంటే ఈ మాట ఇప్పటికీ నోట్లోంచి వచ్చేస్తుంది. వచ్చాక గుర్తొస్తుంది, పిలిస్తే పలికేవాడు లేడని. పోయిన వానాకాలంలో మా పండుకు డెంగీ జ్వరం వచ్చింది. మా ఊరు నారాయణఖేడ్ నుంచి సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయాం. అక్కడివాళ్లు చేతనైనంతా చేశారు. ఒకరోజు పొద్దున మా ఆయన, పండు వాళ్ల బాపు, లోపలినుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడి చెప్పులు ఆయన చేతిలో ఉన్నాయి.

మీలో చాలామందికి మా పండు ముఖం తెలియదు. వాడు కంప్యూటర్‌లో వేసిన రోడ్డు తెలుసు. ఆ రోడ్డు ఇక ముందు కూడా ఉంటుందా, తీసేస్తారా అని అడుగుతున్నారట. మా ఎదురింటి పిల్ల చదివి చెప్పింది. ఆమె, మా పండు చిన్నప్పటి నుంచి దోస్తులు. వాళ్లింట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు, ఇద్దరూ కొట్లాడుకునేటప్పుడు రెండూ. మీకు జవాబు రాయమని ఆమే కూర్చోబెట్టింది. రాస్తున్నాను. చెయ్యి జల్దీ సాగడం లేదు. కొంచెం ఓపిక పట్టండి.

డిగ్రీ అయ్యాక వాడు ఖేడ్‌లోనే ఒక జిరాక్స్ దుకాణంలో పనికి కుదిరాడు. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోవడమే ఆలస్యం, కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. అది కార్ల పందెం ఆట. చిన్నపిల్లల ఆట అంటే వాడికి కోపం వచ్చేది. మలుపులో బండి ఎట్లా ఒరుగుతుందో, బ్రేకు వేస్తే ఎంతదూరం జారుతుందో, అంతా నిజం బండిలాగే ఉంటుందట.

"నిజం బండి లెక్కనే ఉంటే, బయటికి పోయి బాపు ఆటోనే నడుపరాదురా?" అన్నాను.

"బాపు ఆటో బోల్తా కొట్టిస్తే తంతడు గదనే అమ్మా. గిది ఎన్నిసార్లు కొట్టినా తన్నదు."

ఆ ఆటను ఎక్కడో ఎవరో తయారు చేశారు. అందులో మనకు నచ్చిన రోడ్డును, బండిని మనం చేసి కలపడాన్ని మోడ్ అంటారు. దుకాణంలో కొన్న చీరకు మనింట్లో కూర్చుని అంచు కుట్టుకున్నట్టు అన్నమాట. అందులో పెద్ద పెద్ద దేశాల రోడ్లున్నాయి, అద్దంలాంటి రోడ్లు. వాడికి మాత్రం ఖేడ్ నుంచి కంగ్టి పోయే రోడ్డు కావాలని మనసైంది. వాళ్ల బాపు రోజూ ఆటో నడిపే రోడ్డు అది.

సెలవు రోజు వచ్చిందంటే ఆటో ముందు ఫోన్‌ను తువ్వాలతో కట్టి, "మెల్లగ పోనీ బాపు, ఇంక మెల్లగ" అని ఆయన ప్రాణం తీసేవాడు. గుంత వస్తే ఆటో ఆపించి, దిగి, టేపు పెట్టి కొలిచేవాడు. చూసిన జనం ఏమనుకుంటారు? రోడ్లు వేసే ఆఫీసు సారు వచ్చాడనుకున్నారు. ఒక ఊళ్లో ఒక ముసలవ్వ కర్ర పట్టుకుని వచ్చి నిలబడిందట.

"సారూ, మా ఇంటి ముంగట గుంతల మోకాల్దాంక నీళ్లుంటయి. గది గూడ రాస్కోండ్రి."

"రాస్కున్న అవ్వా."

"రాస్కున్న అని పోతరు, మల్ల రారు. నాకు తెల్వదా మీ సంగతి!"

"ఒట్టు అవ్వా. నీ గుంత ఏడికీ పోదు, నాది జిమ్మేదారి."

వాళ్ల బాపు ఇంటికొచ్చి నవ్వలేక తిట్టాడు. "గా ముసల్దానికి అబద్ధం ఎందుకు చెప్పినవురా?"

"అబద్ధమేంది బాపు? గుంత ఏడికీ పోదన్న. పోదు."

అన్నట్టే ఆ గుంతను పెట్టాడు. నీళ్లతో సహా. ఆ నీళ్లల్లో ఆకాశం కూడా కనిపిస్తుంది. ఎక్కడో దూరదేశంలో ఆడేవాడొకడు ఆ గుంతలో పడి, బండి పల్టీ కొట్టి, ఇది తీసెయ్ అని రాశాడట. మా వాడు ఇచ్చిన జవాబు చదివి ఎదురింటి పిల్ల పడీపడీ నవ్వింది. "తీస్తే అవ్వ ఊకోదు, మాటిచ్చిన" అని రాశాడు.

ఆ రోడ్డు మీద నడపడానికి వాళ్ల బాపు ఆటోనే చేశాడు. పసుపు రంగు, చిరిగిన టాపు, వెనకాల వేలాడే నిమ్మకాయ, మిరపకాయలతో సహా. ఈయన కంప్యూటర్ ముందు వంగి వంగి చూసి, "అంతా మంచిగనే ఉంది గని, ముంగట కంపెనీ పేరేదిరా?" అన్నాడు.

"తీసేసిన బాపు. పేరు వాళ్లది. వాళ్లను అడగకుంట పెట్టొద్దు. లైసెన్స్ లేదు."

"లైసెన్స్ లేదా? నా జేబుల ఉంది గదరా!" అని ఈయన నిజంగానే తీసి చూపించాడు.

అప్పటిదాకా నేనూ అదే అనుకున్నాను. వాడు ఫోన్లో లైసెన్స్, లైసెన్స్ అంటుంటే, బండి నడపడం నేర్చుకుంటున్నాడనుకుని వాడకట్టంతా చెప్పుకున్నాను. ఇద్దరినీ కూర్చోబెట్టి వాడు విడమరిచి చెప్పాడు. ఒకరు కష్టపడి చేసినదాన్ని ఇంకొకరు ఎట్లా వాడుకోవచ్చో, ఎట్లా వాడుకోకూడదో చెప్పే మాటను లైసెన్స్ అంటారట. కంపెనీ పేరుకు కంపెనీ లైసెన్స్. మరి నీ రోడ్డుకు ఏం లైసెన్స్‌రా అని అడిగాను.

"గిన్నె లైసెన్స్" అన్నాడు. పక్కనే ఉన్న ఎదురింటి పిల్ల వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చింది.

గిన్నె సంగతి చెప్పాలి. రంజాన్ పండుగకు ఆ పిల్ల వాళ్లమ్మ స్టీలు గిన్నెలో షీర్‌ఖుర్మా పాయసం పంపేది. గిన్నె తిరిగి ఖాళీగా పంపకూడదు కదా. ఇంట్లో ఏముంటే అది వేసి పంపేదాన్ని. పచ్చడో, బొబ్బట్లలాంటి బక్షాలో, నాలుగు కాకరకాయలో. ఒకసారి ఏమీ లేక చక్కెర వేసి, మా పండు చేతికిచ్చాను. అప్పుడు వాడు నా నడుందాకా ఉండేవాడు. గల్లీ దాటేలోపల చక్కెరంతా తిని, గిన్నెను నాకి, తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. "ఖాళీ గిన్నె పంపిందా మీ అమ్మ!" అని ఆమె ఆశ్చర్యపోతే, "ఖాళీ కాదు, మస్తు తియ్యగుండె" అన్నాడట. మూతి మీద చక్కెర. అప్పటినుంచి ఆ పిల్ల వాడిని ఏడిపించాలంటే గిన్నె మాట ఎత్తేది.

అదే మాటను వాడు రోడ్డుకు పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరూ అమ్ముకోవద్దు. తీసుకున్నవాళ్లు దానికి ఏదైనా మంచి చేస్తే, ఆ చేసినది మళ్లీ అందరికీ ఇయ్యాలి. గిన్నె ఖాళీగా తిరిగి రావద్దు.

గిన్నెలు నిండి వచ్చేవి కూడా. ఎవరో వాన పంపారు. ఎవరో బస్సు డిపో గేటు దగ్గర కుక్కను పంపారు. మా గల్లీ కుక్క కంటే బలంగా ఉందని వాడు నవ్వాడు. అట్లా ఏదైనా వచ్చిన రోజు వాడికి ఆకలి ఉండేది కాదు. నేను జొన్నరొట్టెలు చేసి డిపో దగ్గర అమ్ముతాను. ఊరందరికీ వేడివేడిగా పెట్టి ఇంటికొస్తే, నా కొడుకు కంచం పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉండేది.

"తింటవా, తీసెయ్యాల్నా?"

"ఒక్క ల్యాప్ అమ్మా."

ల్యాప్ అంటే ఒక చుట్టు. పోయిన దారంతా మళ్లీ తిరిగి రావాలి. తిరిగొచ్చాక ఇంకొకటి అనేవాడు.

నా రొట్టెల పొయ్యిని కూడా ఆ రోడ్డు మీద పెట్టాడు. పొయ్యి వెనక నన్ను కూర్చోబెట్టాడు. చూసి తిట్టాను. "పెట్టేటోనివి మంచి చీర కట్టియ్యరాదురా, గీ పాత చీరెనే దొరికిందా?" అంటే, "పొగ రంగుకు గిదే కలుస్తది" అన్నాడు. కానీ పొగే కుదరలేదు వాడికి. ఎన్నిసార్లు చేసినా పత్తి లెక్క వస్తుంది, పొగ లెక్క వస్తలేదు అని విసుక్కునేవాడు. పొగ లేని పొయ్యి దగ్గరే నన్ను కూర్చోబెట్టి పోయాడు.

వాడు ఉన్నప్పుడే ఒక ఆటల కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. రోడ్డు మాకే ఇచ్చెయ్, మేమే అమ్ముకుంటాం అన్నారు. వాడు కుదరదన్నాడు. మాసికం అయ్యాక ఆ కంపెనీ నుంచే ఒకతను ఇంటికి వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు, చెడ్డవాడేమీ కాదు. పండు ఫోటో పెద్దగా వేసి ప్రచారం చేస్తారట. నన్ను కూడా ఆ ఫోటో పక్కన నిలబెట్టి ఒక వీడియో తీస్తారట. "జనం మనసుకు బాగా తాకుతుందమ్మా. మీ అబ్బాయి పేరు దేశమంతా తెలుస్తుంది" అన్నాడు.

అతను బయట ఫోన్ మాట్లాడుతుంటే మా ఆయన నా దగ్గరకు వచ్చాడు.

"ఇద్దామే. వాని ముఖం పెద్దగ కనవడ్తది. గంతకన్న మనకేం గావాలె ఇగ?"

నాకు కూడా ఆశ పుట్టలేదని చెప్పను. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటే ఉంది, అదీ కాలేజీ కార్డు కోసం దిగింది. వాడి ముఖం గోడంత పెద్దగా ఉంటే రోజూ పోయి చూసి రావచ్చు కదా అనిపించింది. వద్దనడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్లం, ఎవరు ఏ చెయ్యి పట్టుకుని నడిపిస్తే అటు నడిచేట్టు ఉన్నాం.

అతను లోపలికి వచ్చాక ఒక్కటే అడిగాను. "మరి ఇప్పుడు ఊరికే ఆడుకుంటున్నవాళ్ల సంగతేంది బిడ్డా?"

"అది ఆపేయాలి కదమ్మా. ఊరికే దొరికితే ఎవరు కొంటారు?"

"వాళ్లు పంపినవో? వాన, కుక్క?"

"అవన్నీ ఇక మావే. మా వాళ్లు ఇంకా అందంగా చేస్తారు. రోడ్డు కూడా నున్నగా చేస్తాం. గుంతలుంటే ఆడేవాళ్లకు చికాకు."

మా ఆయన తల ఎత్తాడు. "గుంతలు తీస్తరా?"

"తీసేస్తామండి."

"నీళ్లుండే గుంత గూడనా?"

"ఏ గుంతా ఉండదు."

మా ఆయన లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఉహు. గా అవ్వకు మాటిచ్చిండు వాడు" అని ఆటో తాళం తీసుకుని బయటికి పోయాడు. అతనికి ఏ అవ్వో, ఏ మాటో అర్థం కాలేదు. నా దిక్కు చూశాడు. గిన్నె సంగతి నేను చెప్పాలనుకున్నాను. కానీ చాయ్ తాగి పో బిడ్డా అన్నాను, అంతే.

కాబట్టి అడిగినవాళ్లందరికీ జవాబు ఇది. రోడ్డు ఉంటుంది. ఊరికే ఉంటుంది. గుంతలతోనే ఉంటుంది. దాన్ని చూసుకునే పని ఎదురింటి పిల్ల తీసుకుంది. మా పండు పెట్టిన లైసెన్సే దానికి లైసెన్స్.

మొన్న పగటిపూట ఆ పిల్ల పరుగున వచ్చింది. ఆమె నన్ను ఖాలా అంటుంది, వాళ్ల భాషలో పిన్ని. "ఖాలా, జల్దీ రా, గిన్నె వచ్చింది" అని చెయ్యి పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. వాడి కుర్చీలో నేను అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. మీలో ఎవరో పొగ పంపారు. పేరు రాయలేదట. నా పొయ్యి మీది నుంచి పొగ సన్నగా లేచి, గాలికి కంగ్టి దిక్కు వంగి పోతోంది. అచ్చం పొగే. నా కళ్లు మండాయి.

అంతలో తెర మీదికి ఒక కారు వచ్చింది. పందెం కారు, నేలకు ఆనుకుని ఉంటుందే, అట్లాంటిది. గుంత దగ్గర మెల్లగా దిగి, మెల్లగా ఎక్కి, నా పొయ్యి ముందుకు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక మా ఆటోలాంటి ఆటోలు వరసగా. ఎవరూ హారన్ కొట్టలేదు. ఒక్కొక్కటే ఇంజను ఆపేసి అట్లా నిలబడ్డాయి. ఇదేందే అని అడిగాను.

"నీ కోసమే వచ్చిండ్రు ఖాలా. ఒక్కొక్కలు ఒక్కొక్క దేశంల కూసోని నడుపుతుండ్రు."

పొయ్యి వెనక కూర్చున్న ఆ నన్నే చూస్తూ ఉండిపోయాను. వాడు కట్టించిన పాత చీర, ఒళ్లో పెట్టుకున్న చేతులు. ఆ చేతులు కదలవు. ముందు రొట్టెలు పేర్చి ఉన్నాయి, తీసి ఇవ్వడానికి రాదు. అంతదూరం నుంచి వచ్చి నా పొయ్యి ముందు ఆగినవాళ్లలో ఎవరు తిన్నారో, ఎవరు ఒక్క ల్యాప్ అయ్యాక తింటామని కంచం పక్కకు జరిపి వచ్చారో.

ఇది చదివాక లేచి అన్నం తినండి. వేడిగా ఉన్నప్పుడే, కడుపునిండా తినండి.