‘మంత్’కి ప్రాస

నా చిన్నప్పుడు, మేము గుణదలలో ఉండే రోజుల్లో, ఏడో తరగతికి నన్ను తెలుగు మీడియం నుంచి తీసి ఇంగ్లీషు మీడియంలో వేశారు. వేశారు అని ఇప్పుడు ఒక్క మాటలో చెప్పేస్తున్నాను గానీ, మా నాన్నగారు వేసవి అంతా ఆ స్కూలు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, చివరికి ఒక షరతు మీద చేర్చుకున్నారు. దసరా సెలవుల దాకా చూస్తారు. ఇంగ్లీషులో నెగ్గుకొస్తే సరి, లేకపోతే పక్క వరండాలో ఉన్న తెలుగు సెక్షన్‌కి పంపేస్తారు. నాకు ఆ క్లాసులో అప్పటికే ప్రాణానికి ప్రాణంగా ఇద్దరు స్నేహితురాళ్ళు దొరికారు. మూడో బెంచీలో వాళ్ళిద్దరి మధ్యా నా చోటు. అది పోతుందేమోనన్న భయంతో నాకు అన్నం సయించేది కాదు.

సెలవులకు ఇంకా రెండు వారాలు ఉందనగా, మా ఇంగ్లీషు టీచరు చీటీలు తీయించింది. చీటీలో ఉన్న మాటతో మొదటి పాదం ముగించి, నాలుగు పాదాల రైమ్ రాసుకు రావాలి. అందరికీ క్యాట్, ట్రీ, డే లాంటి బంగారు మాటలు వచ్చాయి. నా ఖర్మ కాలి నాకు ‘మంత్’ వచ్చింది. ఇంగ్లీషులో దానికి సరైన ప్రాస మాటే లేదని నేను తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పుడు మాత్రం లోటంతా నా బుర్రలోనే ఉందనుకున్నాను.

మా తాతయ్య రిటైరైన తెలుగు పండితులు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు, రాదని ఒప్పుకునే మనిషీ కాదు. నా ఏడుపు చూసి, పద్యానికి ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవడమేనని తేల్చేశారు. “చివర్లో ప్రాసేమిటే పిచ్చిమొహమా, గేదె తోకకి గంట కట్టినట్టు!” అన్నారు. ఆయన చెప్పాక ఇంకేముంది? మనీ, హనీ, ఎనీ, మెనీ అని నాలుగు పాదాలు మొదలుపెట్టి, మొదటి పాదం చివర మంత్ తగిలించి, ఠీవిగా పట్టుకెళ్ళాను.

టీచరు పుస్తకం చూసి, రైమ్ ఎక్కడుందని అడిగింది. “ముందరుంది మిస్” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సోమవారానికి సరిగ్గా రాసుకు రాకపోతే నా సెక్షన్ సంగతి పెద్ద మేడమ్‌తో మాట్లాడాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పింది.

ఆ శనివారం మా అమ్మ, స్కూలు స్కర్టు అంచు దింపించుకు రమ్మని పక్కింటికి పంపింది. మా పక్కింటి టైలర్ మామయ్య గారు ముస్లిం. వీధి వరండాలోనే మిషను. ఊళ్ళో ఎక్కడ ముషాయిరా జరిగినా, అంటే ఉర్దూ కవులంతా చేరి కవిత్వం చదివే సభ, ఆయన పని కట్టేసి పోయేవారు. మిగతా రోజుల్లో అక్కడ విన్నవి మిషను తొక్కుతూ పాడుకునేవారు. “ఏందమ్మా, మొహం అట్టా పెట్టావ్?” అని అడిగేసరికి నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను.

ఆయనకు వచ్చిన ఇంగ్లీషల్లా కాలరు, కఫ్, పాకెట్. అయినా మిషను ఆపి, నా వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళ గజల్లో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చివర్లో వస్తుందట. దాన్ని రదీఫ్ అంటారట. దానికి జత అక్కర్లేదు. ప్రాస కలవాల్సింది దాని ముందున్న మాటకి. “జత లేని మాటకి జత వెతకమాక బేటా. దాన్ని అట్టాగే చివర్లో కూచోబెట్టి, ముందున్నోళ్ళని కలుపు. చొక్కాకి పైనుంచి కింద దాకా ఒకటే రకం గుండీలు కుట్టట్లా?” అన్నారు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. స్కర్టు సంగతి మర్చిపోయి ఆ వరండాలోనే కూర్చున్నాను. ‘ఐ విల్ బీ టాల్ నెక్స్ట్ మంత్’ అని మొదటి పాదం పడింది. ‘ద రెయిన్ విల్ ఫాల్ నెక్స్ట్ మంత్’ అని రెండోది. ‘ఐ విల్ బై ఎ బాల్ నెక్స్ట్ మంత్’ అని మూడోది. ఒక్కొక్కటీ చదువుతుంటే, అర్థం పూర్తిగా తెలియకపోయినా, ఆయన వాహ్వా వాహ్వా అంటూ తొడ మీద చరుచుకున్నారు. నాలుగోది మాత్రం ఎంతకీ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నా అంతట నేనే రాసుకున్నాను.

సోమవారం క్లాసులో లేచి చదివాను. ‘లెట్ మీ సిట్ విత్ యూ ఆల్ నెక్స్ట్ మంత్’ అనే చివరి పాదం మా మూడో బెంచీ వైపు చూస్తూ చదివాను. వచ్చే నెల కూడా నన్ను మీ అందరితో కూర్చోనివ్వండని అర్థం. ఎవరూ నవ్వలేదు. టీచరు పుస్తకం తీసుకుని, తను మళ్ళీ ఒకసారి లోపల్లోపల చదువుకుంది. “ఇది నేను చెప్పిన రైమ్ కాదు. కానీ బాగుంది. వెళ్ళి నీ చోట్లో కూర్చో” అంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేదో! ఇది ఎవరు నేర్పారని అడిగింది. ఆ క్లాసులో పిల్లలంతా ఆఫీసర్ల పిల్లలు, డాక్టర్ల పిల్లలు. బట్టలు కుట్టే ఆయన అని చెబితే మళ్ళీ గొల్లుమంటారని భయం. మా తాతయ్య అనేశాను. ఆవిడ సంతోషించి, మా తాతగారిని మెచ్చుకుంటూ డైరీలో రెండు వాక్యాలు రాసి, ఆయన సంతకం తెమ్మంది.

సాయంత్రం మా నాన్నగారు ఆ వాక్యాలు తెలుగులో చెబుతుంటే తాతయ్య నా వంకే చూశారు. ఆయన చెప్పిన ప్రాస కాదని ఆయనకు తెలియదూ! నిజం చెప్పేశాను. చెంప ఛెళ్ళుమంటుందనుకున్నాను. ఆయన కండువా వేసుకుని, డైరీ చేతిలో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి నడిచారు. అన్నేళ్ళుగా గోడ మీద నుంచి పలకరింపులే తప్ప ఆయన ఆ గుమ్మం ఎక్కి ఎరగరు. నేరుగా వెళ్ళి బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నారు.

మామయ్య గారు కంగారుగా లేచి, “కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి గదండీ మాస్టారూ!” అన్నారు.

“పాఠం కావాల్సినవాడే గురువు దగ్గరికి రావాలండీ సాయిబు గారూ. ఆ రదీఫ్ ఏమిటో నాకూ కాస్త చెప్పండి” అన్నారు మా తాతయ్య. తర్వాత డైరీ తెరిచి ఆయన ముందు పెట్టారు. “సంతకం మీదే. పిల్ల పొరపాటున నా పేరు చెప్పింది.”

మామయ్య గారు వద్దు వద్దంటూనే, కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం పెట్టారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం సిగ్గుతో తల వాలిపోయింది. ఆ ఇద్దరూ దీపాలు పెట్టే వేళ దాకా పద్యమూ గజలూ చెప్పుకుంటూనే ఉన్నారు.

మర్నాడు టీచరు ఆ సంతకం ఎవరిదని అడిగింది. అందరి ముందూ నిలబడి, మా పక్కింటి టైలర్ మామయ్య గారిదని చెప్పాను. కొందరు నవ్వారు. నా చోటు నాకే ఉంది.

ఆ తర్వాత నేనే ఇంగ్లీషు టీచర్నై, ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మొన్న మా మనవరాలు ఫోనులో వెతికి వెతికి, “అమ్మమ్మా, మంత్‌కి రైమే లేదంట తెలుసా?” అంది. ఆ ఉపాయం నా నాలుక చివరే ఉంది. అయినా అది తర్వాత చెప్పాను. ముందు, గుణదలలో మా పక్కింట్లో ఒక టైలర్ మామయ్య గారు ఉండేవారమ్మా అని మొదలుపెట్టాను.