బియ్యం లేని ఎసరు

మీకిప్పుడొక మహాకావ్యం వినిపించబోతున్నాను. ఇందులో సముద్రం పొంగుతుంది, ఊళ్లు కొట్టుకుపోతాయి, జనం ఆకాశం వైపు చేతులెత్తుతారు. అయితే సముద్రం పొంగిన పూట నేను బెజవాడలో, భవానీపురం అద్దెగదిలో దుప్పటి ముసుగెట్టి పడుకున్నాను. నేను కళ్లారా చూసింది ఒక గుండిగ, దాన్నిండా నీళ్లు, కింద అంటుకోని పొయ్యి. కాబట్టి ఆశలు కొంచెం తగ్గించుకోండి.

ఉప్పెన వెళ్లిన తర్వాతి వారం, పామర్రులో పెద్దమ్మగారింటి పెంకులు లేచిపోయాయంటే సర్దుదామని వెళ్లాను. ఆవిడ ఇంట్లో లేదు, చర్చి ఆవరణలో ఉంది. దివిసీమ నుంచి కూచిపూడి మీదుగా నడిచొచ్చిన కుటుంబాలు అక్కడ కటిక నేల మీద కూర్చునున్నాయి. "మధ్యాహ్నం అన్నం తినే వెళ్దురుగాని," అని పెద్దమ్మ వాళ్లకి మాటిచ్చేసింది. చర్చి బియ్యం పెట్టె ముందురోజే ఖాళీ అయిందని ఆవిడకి తెలుసు. తెలిసే ఇచ్చింది.

మావాళ్లలో ఒక అలవాటుంది. వంటకి బియ్యం కొలిచాక, ఆడవాళ్లు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే రేకుడబ్బాలో వేస్తారు. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ డబ్బాలు తెచ్చి చర్చి పెట్టెలో గుమ్మరిస్తారు. ఆ రోజు బుధవారం.

"ఒరే, గుండిగ నిండా ఎసరు పెట్టు," అంది పెద్దమ్మ.

"బియ్యమేవీ?"

"ఆయన చూసుకుంటాడు."

"చూసుకున్నాక చెప్పు, అప్పుడు వెలిగిస్తా."

"బియ్యం వచ్చాక ఎసరు పెట్టడానికి నమ్మకమెందుకురా? అగ్గిపెట్టె చాలు."

"పోనీ ఇళ్లకెళ్లి అడుగుదామా?"

ఆవిడ గొంతు తగ్గింది. "ఎవరింట్లో ఎంత తడిసిందో. అడిగితే లేనివాళ్లు కూడా ఇచ్చేస్తారు. ఏ మొహం పెట్టుకుని అడగమంటావు?"

పొయ్యి దగ్గరికెళ్లాను.

సరుగుడు కట్టెలు నానిపోయి ఉన్నాయి. ఊదీ ఊదీ నా కళ్లు ఎర్రబడ్డాయి గానీ కట్టెలు ఎర్రబడలేదు. పొగ మాత్రం వచ్చింది. ఎంత వచ్చిందంటే, కాసేపటికి చర్చి కనిపించడం మానేసింది. ఇల్లూ గొడ్డూ పోగొట్టుకున్న ఒక ముసలాయన దగ్గుకుంటూ వచ్చి గుండిగలోకి తొంగిచూశాడు.

"నీళ్లేనా బాబూ?"

"ప్రస్తుతానికి నీళ్లేనండీ."

"నీళ్లయితే మా ఊళ్లోనే బోలెడున్నాయి."

నవ్వచ్చో లేదో తెలీక నిలబడిపోయాను. ఆయనే నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు. కొంగు నలుపుతూ రోడ్డు వైపు చూస్తోంది. ఈయన మొహం చూసి "అన్నం లేదు" అని చెప్పాల్సొస్తే ఎలాగా అన్నదే ఆవిడ బాధ. నాకైతే దేవుడి మీద జాలేసింది. ఆయన్ని ఒక్కమాటైనా అడక్కుండా ఆయన పేరు మీద మాటిచ్చేసింది మరి.

ఎట్టకేలకు మంట అందుకుంది. ఎసరు కాగుతుండగా ఒకావిడ రేకుడబ్బా చంకనెట్టుకుని వచ్చింది. "ఏంటండీ, ఆదివారం కాని రోజు చర్చిలో పొగొస్తోంది? ఎవరికో పెడుతున్నారనుకుని పట్టుకొచ్చా." ఆవిడ వెనక ఇంకొకావిడ. తర్వాత వీధి వీధంతా. ఎవర్నీ ఎవరూ అడగలేదు. పెద్దమ్మ ఒక్కొక్క డబ్బా అందుకుని గుండిగలో ఒంపింది. కళ్లు తుడుచుకుంది. పొగ వల్లేనంది. నేనూ అదే అన్నాను.

ఒకరివి పాత బియ్యం, ఒకరివి దంపుడు బియ్యం, ఒకరివి తడిస్తే ఆరబెట్టుకున్నవి. అన్నీ ఒకే ఎసట్లో పడ్డాయి. సగం జావయింది, సగం పలుకు. ముసలాయన రెండోసారి వడ్డించుకుంటూ, "ఒక మెతుకు జారిపోతోంది, ఒకటి పంటికి తగుల్తోంది. రెండు పూటల అన్నం ఒక్కసారే పెట్టారమ్మా," అన్నాడు. అప్పుడు నవ్వింది పెద్దమ్మ.

ఆ బియ్యం పంపింది దేవుడా, తడికట్టెలా అని ఆవిడతో చాలాసార్లు వాదించాను. "కట్టెలు తడిపిందెవర్రా?" అంటుంది. ఊళ్లని ముంచిన తుఫానుని ఆయన ఖాతాలో వెయ్యడం నాకిష్టం లేదు, ఆ మాటే అన్నాను. కానీ ఒకటి ఒప్పుకుంటాను. బియ్యం వచ్చాకే వెలిగిద్దామన్న నా మాట నెగ్గి ఉంటే పొగ లేచేది కాదు. పొగ లేవకపోతే ఆ డబ్బాలు ఆదివారం దాకా అటకల మీదే ఉండేవి.

ఇకపోతే, కలగలుపు బియ్యం వండేటప్పుడు దంపుడు బియ్యం ముందు వెయ్యాలి. తడిసి ఆరినవి చివర్లో.