ఇస్త్రీ గదిలో ఈల

ఆసుపత్రి కింది అంతస్తులో ఇస్త్రీ గది. పైనుంచి రోజుకు ఆరువందల దుప్పట్లు దిగుతాయి. ఉతికే మిషన్ల దగ్గర మగవాళ్లు, గోడకు ఇవతల ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్లు. ఇద్దరిద్దరుగా దుప్పటి చెరో కొస పట్టుకుని, గుంజి, ఎదురు నడిచి, మడిచి, మళ్లీ వెనక్కి. ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్న ఒకావిడను ఇప్పుడందరూ ఈలక్క అంటారు. ఆ పేరు వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆమె నాన్న గోడలకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీద ఉన్నంతసేపూ ఈలే. ఎనిమిదో ఏటికే ఆమెకు ఆ విద్య పట్టుబడింది. ఓ రోజు మెట్ల మీద కూర్చుని ఈల వేస్తుంటే నానమ్మ వచ్చి మూతి మీద ఒక్కటిచ్చింది.

"ఆడపిల్లవి, ఈలలేంటే? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

ఆ నలుగురూ ఎవరో ఎవరూ చూసింది లేదు గానీ, వాళ్లకు భయపడని ఇల్లు లేదు. ఆమె మానేసింది. అత్తగారింట్లో ఎవరూ వద్దనాల్సిన పనే పడలేదు. తర్వాత తన కూతురు ఏడేళ్లప్పుడు ఈల వేయబోతే తన చెయ్యే లేచింది. నోట వచ్చిన మాటలూ నానమ్మవే, పొల్లు పోకుండా.

కిందటేడు గదిలో రేడియో చెడిపోయింది. బాగుచేసేవాడు ఇదిగో అదిగో అంటూ వారం గడిపాడు. పాటల్లేక పని నడక తప్పింది. ఒకరు గుంజితే ఒకరు వదిలేస్తున్నారు. ఆరో రోజున తెలియకుండానే ఆమె పెదవుల నుంచి ఈల జారింది. నలభై ఏళ్లయినా తుప్పు పట్టలేదు. గదంతా ఆమె వైపు తిరిగి చూసింది.

"ఎవరది?" అంది పెద్దక్క. అందరికంటే ముందు చేరిన మనిషి, అందరి తరఫునా మాట్లాడే మనిషి.

"నేనే అక్కా. తెలీకుండా వచ్చేసింది."

"వస్తే ఆపుకోవాలి. పక్కన మగాళ్లున్నారు. మన గది పరువేం కాను?"

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ జరిగి చోటివ్వలేదు. గిన్నెలు ఓ జానెడు దూరం పెట్టుకున్నారంతే. ఆ జానెడే ఆమెకు ఆమడంత అనిపించింది.

ఇంటికెళ్లి కూతురితో చెప్పింది. నవ్వుతుందనుకుంది. కూతురు టీ గ్లాసు కింద పెట్టి, "మరి నన్నెందుకు కొట్టావమ్మా?" అంది.

ఆమె కూతురి పక్కన కూర్చుంది. "మా నానమ్మ నన్ను కొట్టింది కాబట్టి. అంతకు మించి కారణం లేదే. తప్పు చేశాను."

కూతురు దగ్గరికి జరిగింది. "అయితే ఇప్పుడు నేర్పు," అంది.

ఆ పిల్లకు గాలి తప్ప ఈల రాలేదు. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

మర్నాడు ఆమె కావాలనే ఈల వేసింది. ఎదురు కొస పట్టుకున్నది పెద్దక్కే. మూతి ముడుచుకుంది గానీ, చేతులు మాట వినలేదు. ఆ దరువుకే గుంజింది, దానికే నడిచింది. పదకొండింటికల్లా వాళ్ల దొంతర అందరికంటే ఎత్తు లేచింది.

"అక్కా, కాస్త మాకూ వినపడేలా వెయ్యి," అని పక్క బల్లవాళ్లు అడిగారు. సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి, దొంతర్లు చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర పెద్దక్క జరిగి చోటిచ్చింది. "చిన్నప్పుడు నాకూ వచ్చేది," అంది గొంతు తగ్గించి. "మా అన్న నేర్పాడు. మా అమ్మ గరిటె తిరగేసింది."

రేడియో బాగై వచ్చినా ఎవరూ పెట్టలేదు. రెండు నెలల్లో సగం గది ఈల నేర్చింది. అందరికంటే గట్టిగా వేసేది పెద్దక్కే.

కిందటి వారం కొత్తగా ఒకావిడ పనిలో చేరింది, ముగ్గురు పిల్లల తల్లి. మొదటి రోజే పెద్దక్క పట్టుకుంది. "ఈల రాదా? గదంతా వేస్తుంటే నువ్వొక్కదానివీ మూగనోము పడితే ఎలాగమ్మా?"

కొత్తావిడ ముఖం చిన్నబోయింది. ఈలక్క వచ్చి దుప్పటి రెండో కొస అందుకుంది.

"నీకిష్టం లేకపోతే వేయకు. కొస గట్టిగా పట్టుకో, చాలు. పెద్దక్కా, నువ్వా బల్లకెళ్లు."

పెద్దక్క సాయంత్రం దాకా అలిగింది. వాళ్లిద్దరూ మాత్రం ఎనభై దుప్పట్లు మడిచారు, పిల్లల కబుర్లు చెప్పుకుంటూ.