రూతు పేరున ఓ పిడికెడు

మా చిన్నప్పుడు... పొయ్యి మీద ఎసరు కాగుతుంటే అమ్మ దంచిన జొన్నల చేట ముందేసుకుని కూర్చునేది. వండే ముందు అందులోంచి పిడికెడు తీసి పక్కనున్న ముంతలో పోసేది. పోస్తూ పేర్లు పైకి చెప్పేది... "ఇది మీ నాయనకి... ఇది పెద్దోడికి... ఇది మార్తకి... ఇది రూతుకి..."

పెద్దోడు మా అన్న, మార్తని నేను. మమ్మల్ని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత అన్నమాట. ఆదివారం ఆ ముంత చర్చికి వెళ్ళేది. 'పిడికెడు బియ్యం' అనేవాళ్ళు. పేరుకే బియ్యం! మాచర్ల పక్క మా ఊరికి కాలవలింకా రాలేదు... వరన్నం క్రిస్మస్‌కి దొరికితే గొప్ప.

నాయన నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. ఆయన పేరున పోసే పిడికెడు మాత్రం కాస్త పెద్దదని అన్న ఎగతాళి చేస్తే, అమ్మ నవ్వుతూ చేట ఎత్తి కొట్టబోయేది.

ఓ ఎండాకాలం మా చెల్లి రూతుకి తట్టు పోసింది. జ్వరం తగ్గలేదు. ఎడ్లబండి కట్టుకుని ఆసుపత్రికి బయల్దేరారు... దారిలోనే పోయింది. అమ్మ ఒళ్ళోనే.

ఆ తర్వాత అమ్మ ముంత ముట్టుకోలేదు. వండేది, పెట్టేది, అంతే. ఆదివారం అందరి ముంతలూ చర్చికి వెళ్ళేవి, మాది గూట్లోనే ఉండేది.

నాకు మాత్రం ఒకటే భయం... పేరు చెప్పి పోయకపోతే మిగతావాళ్ళని కూడా దేవుడు తీసుకుపోతాడేమోనని. క్వారీ నుంచి నాయన రావడం కాస్త ఆలస్యమైతే చాలు, వీధి గుమ్మంలోకి పోయి నిలబడేదాన్ని.

ఓరోజు అమ్మ పెరట్లో ఉండగా నేనే చేట ముందు కూర్చున్నాను. నాయనకి, అమ్మకి, అన్నకి, నాకు... నా చిన్న పిడికిలితో తీసి పోశాను. తలెత్తితే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏందే... చెల్లికేదీ?"

"అది లేదుగా అమ్మా..."

కొడుతుందనుకున్నాను. వచ్చి నా పక్కన కూలబడింది. జొన్నల్లో చెయ్యి పెట్టింది.

"లేదని ఎట్టా అంటావే? ఊళ్ళో ఇన్ని ఇళ్ళుంటే మన ఇంటికే వచ్చింది... ఉన్నన్నాళ్ళూ మనకాడే ఉంది. అందుకు స్తోత్రం చెప్పుకోవద్దా?"

"ఇది రూతుకి" అంటూ పోసింది. చెల్లి పోయాక అమ్మ గొంతెత్తి ఏడవడం అప్పుడే చూశాను. నేనూ ఏడ్చాను. అమ్మ బతికినన్నాళ్ళూ ఆ పిడికెడు తప్పలేదు.

నాకిప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి. మంచి మనిషిని కట్టుకున్నాను. పిల్లలు, మనవలు... దేవుడు నాకేం తక్కువ చేయలేదు. పోయినేడు మా ఆయన పోతే వచ్చినవాళ్ళంతా "ధైర్యంగా ఉండండి" అన్నారు. ధైర్యం ఎక్కడి నుంచి తేను? ఆ మనిషి ఇన్నేళ్ళు నా ఇంట్లో ఉన్నాడు, అదే భాగ్యం అనుకుంటాను... అనుకుంటూనే ఏడుస్తాను.

ఇప్పుడు గ్లాసుతో కొలిచి కుక్కర్లో పోస్తున్నాం. చర్చికి డబ్బులు కవర్లో పెట్టి ఇస్తున్నాం. ఇంట్లోవాళ్ళ పేర్లు రోజూ పైకి పలికే పనే లేకుండా పోయింది...

మీ ఇంట్లోనూ అలా పిలవక చాన్నాళ్ళైన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఇక్కడ రాయండి... కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదువుతాను.