గుల్లల చప్పుడు

సముద్రం వెనక్కి తగ్గగానే మా అత్త చీర మోకాళ్ల దాకా ఎగదోపి తడి ఇసుకలోకి దిగుతుంది. సన్నటి చిల్లు కనిపించిన చోట వేళ్లు గుచ్చితే, బెత్తెడు లోతున గుల్ల తగులుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. దొరికినదాన్ని మరో గుల్లతో తట్టి చూశాకే బుట్టలో వేస్తుంది. లోపల ప్రాణముంటే రాయిలా గట్టిగా మోగుతుంది; చచ్చి బురద నిండినదైతే మొద్దుగా పలుకుతుంది. పైకి రెండూ ఒకటే. బురద గుల్ల ఒక్కటి పొయ్యి మీద నోరు తెరిచినా గిన్నెడు కూర పారబోయాల్సిందే.

అలాంటివి ఒకే వారంలో రెండు హోటలుకి వెళ్లాయి, అత్త బుట్టలోంచే.

"ఇన్నేళ్లూ మీ బుట్ట కళ్లు మూసుకుని తీసుకున్నానమ్మా. ఇంకొక్కసారి ఇలా అయితే నా వల్ల కాదు," అన్నాడు హోటలు వంటాయన. అత్త సరుకు కొనేది ఆయనొక్కడే.

చూపు మందగించిందని అత్త అందరితో చెప్పుకుంది. నిజానికి మందగించింది చెవి. అది కనిపెట్టింది తోటికోడలొక్కతే. ఇద్దరూ ఒకే తీరాన పక్కపక్కన వంగి పనిచేస్తారు గానీ, ఒకరంటే ఒకరికి పడదు.

మర్నాడు అత్త ఒక్కో గుల్లనీ చెవికి ఆనించుకుని నాలుగేసిసార్లు తట్టింది. నీళ్లు తిరిగొచ్చే వేళవుతోంది, బుట్ట అడుగైనా నిండలేదు.

"అక్కా! పళ్లతో పట్టుకో!" అని అరిచింది తోటికోడలు.

"ఏంటే?"

"గుల్లని! పళ్లతో పట్టుకుని ఇంకోదాంతో కొట్టు. చెవులు పోయాక మా అమ్మ అలాగే ఏరేది."

"ఉన్న పళ్లు కాస్తా ఊడగొట్టుకోమంటావా?"

"ఊడినవి పోగా మిగిలినవాటితోనే పట్టుకోవమ్మా!"

అత్త ఉరిమి చూసింది. చూసి, గుల్లను కరిచిపట్టి తట్టింది. చప్పుడు దవడలోంచి తలలోకి గట్టిగా మోగింది. ఇంకోటి తట్టింది. మొద్దుగా పలికింది. విసిరేసింది. మూడోది తడుతూంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాపురానికొచ్చి ఇరవై ఏళ్లయింది," అంది తోటికోడలు. "నీ నోరు మూతపడటం ఇవాళే చూస్తున్నా."

అత్తకు నవ్వాగక గుల్ల జారి నీళ్లలో పడింది.

ఆ రోజు వంటాయన ప్రతి గుల్లనీ తనే తట్టి చూసుకున్నాడు. ఒక్కటీ తీసి పక్కన పెట్టలేదు. "రేపూ తెండమ్మా," అన్నాడు.

బయటికొచ్చాక, తన బుట్టతో అక్కడ ఆగి ఉన్న తోటికోడలితో అత్త, "మీ అమ్మ ఉండుంటే కాళ్లకి దండం పెట్టేదాన్నే," అంది.

"దండం సంగతి తర్వాత. నేనింకా సంత దాకా మోసుకెళ్లాలి, నడుం పడిపోతోంది."

అత్త ఆమె బుట్ట నెత్తికెత్తుకుని ముందు నడిచింది.